పగడపు ట్యాంకు డైరీ: సంక్రాంతి నుంచి శ్రావణం దాకా

జనవరి, పండుగకు ముందు

ట్యాంకు కొలతలు ఖాయమయ్యాయి. పొడవు రెండడుగులు, వెడల్పూ ఎత్తూ అడుగున్నర. లెక్క ప్రకారం 127 లీటర్లు పడుతుంది కానీ రాళ్లు, ఇసుక, పైన వదిలే ఖాళీ పోను నిలిచే నీళ్లు వంద లీటర్లు. మొదటిసారి పెట్టేవాళ్లు చిన్నదానితో మొదలుపెట్టాలని అందరూ అంటారు. మంచినీటి చేపలకైతే సరే. ఉప్పునీటి ట్యాంకు ఎంత చిన్నదైతే అంత తొందరగా తలకిందులవుతుంది. ముప్పై లీటర్ల తొట్టిలో రాళ్ల వెనక ఒక చేప చచ్చిపడితే తెల్లారేసరికి మిగతావాటి ప్రాణం మీదికి వస్తుంది. వంద లీటర్లయితే మనం చూసుకుని సరిచేసుకునే టైమ్ అయినా ఉంటుంది.

గాజు 8 ఎంఎం. నల్లగొండ ప్రకాశం బజారులో కిటికీ అద్దాలు కోసే షాపులోనే చేయించాను. వెనక నాలుగంగుళాలు వదిలి అడ్డంగా ఒక గాజు, దాని వెనక మూడు అరలు: ఒకటి దూదికి, కార్బన్‌కు, ఒకటి హీటరుకు, ఒకటి మోటారుకు. సిలికాన్ పూసేటప్పుడు మాత్రం పక్కనే నిలబడ్డాను. బాత్రూముల్లో వాడే రకంలో బూజు పట్టకుండా మందు కలిపి ఉంటుంది. ఆ మందుకు బూజుకూ చేపకూ తేడా తెలియదు. వెనిగర్ వాసన కొట్టే మామూలు రకం వాడించి, వాసన పూర్తిగా పోయేదాకా ఎండనిచ్చాను.

నీళ్లు, రాళ్లు, గాజు అన్నీ కలిపి నూట అరవై కిలోల దాకా ఉంటుంది కాబట్టి స్టాండు ఇనుపదే. ఉప్పు తుంపర పడితే ఇనుము పొరలు పొరలుగా లేచిపోతుంది, అందుకని రెండు కోట్లు ఎపాక్సీ పెయింట్ వేశాను. హాల్లో పడమటి గోడ ఖాళీగానే ఉంది కానీ మే నెలలో సాయంత్రం ఏడింటికి కూడా ఆ గోడ మీద చెయ్యి పెట్టలేం. ట్యాంకు ఉత్తరపు గోడకు చేరింది.

జనవరి చివర: నీళ్లు

నల్లగొండలో ఈ పని చేస్తున్నానంటే అందరూ అడిగే మొదటి ప్రశ్న ఫ్లోరైడ్ గురించే. మన జిల్లా బోరు నీళ్లకు ఉన్న పేరు అలాంటిది. అయితే ఈ ఒక్క విషయంలో చేపలు మనకన్నా నయం. తాగునీటికి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని మన ప్రమాణం. అసలు సముద్రపు నీటిలోనే ఫ్లోరైడ్ లీటరుకు 1.3 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. కాబట్టి నా టెన్షన్ ఫ్లోరైడ్ కాదు. గ్రానైట్ రాయి పొరల్లోంచి వచ్చే నీటిలో ఉండే సిలికా, పొలాల నుంచి దిగే నైట్రేట్, వీటితోనే అసలు తంటా. రెండూ పాచికి మేత.

మా బోరు నీటి టీడీఎస్, అంటే నీటిలో కరిగి ఉన్న లవణాల లెక్క, తొమ్మిది వందలకు పైనే. మిషన్ భగీరథ నల్లా నీళ్లు అంతకన్నా చాలా మేలు కానీ క్లోరిన్ ఉంటుంది. అందుకని నల్లా నీళ్లు, ముందు కార్బన్ ఫిల్టరు, తర్వాత ఆర్‌ఓ, చివర మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెసిన్. ఇంట్లో తాగే ఆర్‌ఓ మెషిన్ ఉంది కదా, అదే చాలదా అంటే, చాలుతుంది, ఒక చిన్న మెలిక ఉంది. తాగే నీరు చప్పగా ఉండకూడదని ఆ మెషిన్లలో టీడీఎస్ కంట్రోలర్ అని ఒక చిన్న వాల్వ్ పెట్టి కొంత పచ్చి నీటిని మళ్లీ కలుపుతారు. మనం గ్లాసులో పట్టుకునేది ఆ కలిపిన నీరే. మెంబ్రేన్ నుంచి వచ్చే పైపును వాల్వ్ కన్నా ముందే చీల్చి అక్కడ రెసిన్ డబ్బా తగిలించాను. తాగే నీటి పంపు దగ్గర ఎనభై చూపించే మీటరు మెంబ్రేన్ దగ్గర పాతిక, రెసిన్ తర్వాత సున్నా చూపించింది.

ఆ సున్నాను కూడా పూర్తిగా నమ్మకూడదు. రెసిన్ అరిగిపోయేటప్పుడు మొదట జారిపోయేది సిలికానే, దాన్ని టీడీఎస్ మీటరు పట్టుకోలేదు. ఒకటి రెండు చూపించే దాకా ఆగితే అప్పటికే గాజు మీద గోధుమరంగు పొర వచ్చేసి ఉంటుంది. నేను రంగు మారే రెసిన్ తీసుకున్నాను, డబ్బాలో మూడొంతుల రంగు పోగానే మారుస్తాను.

అమ్మ ఈ తతంగమంతా చూసి "ఉప్పునీళ్లు చేసుకునేటందుకు మంచినీళ్లను ఇంతగనం కడగాల్నా బిడ్డా?" అంది. ఆర్‌ఓ వదిలేసే నీళ్లు వాకిలి కడగడానికి వాడుకుంటున్నందుకు ఊరుకుంది.

ఉప్పు సంగతి. వంటింటి ఉప్పు పనికిరాదు, రాళ్ల ఉప్పు కూడా పనికిరాదు. సముద్రమంటే సోడియం క్లోరైడ్ ఒక్కటే కాదు. మెగ్నీషియం లీటరుకు 1300 మిల్లీగ్రాముల దాకా, కాల్షియం 400 పైన ఉండాలి, ఇంకా పొటాషియం, స్ట్రాన్షియం. ఇవన్నీ కలిపిన రీఫ్ సాల్ట్ బకెట్ హైదరాబాద్ నుంచి తెచ్చాను. వంద లీటర్లకు సుమారు 3.8 కిలోలు పట్టింది. లక్ష్యం 35 పీపీటీ (వెయ్యి వంతుల నీటిలో 35 వంతుల ఉప్పు), అంటే సాంద్రత 1.026. కొలిచే రిఫ్రాక్టోమీటరును సున్నా నీటితో సరిచేసుకుంటే చాలదు, 35 పీపీటీ ద్రావణంతో సరిచేసుకోవాలి. మనం చదివేది ఆ చివర కదా.

ఫిబ్రవరి

రాళ్లు. "నల్లగొండలో రాయికి కరువా?" అన్నాడు మా బావ, నిజమే. కానీ గ్రానైట్ గట్టి రాయి, లోపల రంధ్రాలు ఉండవు. బ్యాక్టీరియా కాపురం పెట్టేది రంధ్రాల్లో. సముద్రం నుంచి తీసిన లైవ్ రాక్ జోలికి పోలేదు. అది చాలావరకు పగడపు అస్థిపంజరమే, గట్టి పగడాలన్నీ మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, పులితో సమానంగా. అందుకని రంధ్రాలున్న సిరామిక్ రాళ్లు తెచ్చి, కింద ఒక గుహ, పైన రెండు అరుగులు వచ్చేలా పేర్చాను. ఇసుక ఆరగోనైట్ అనే సున్నపు రకం, రెండంగుళాల లోపే. మూసీ ఇసుక కడిగి వేస్తే కాదా అంటే కాదు, అది సిలికా.

ఇక సైక్లింగ్. చేప వేయకముందే బ్యాక్టీరియాను పెంచడం. నేను చేసేది ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం కాబట్టి ఈ భాగం నాకు పండగ. వంద లీటర్లకు 0.6 గ్రాముల అమ్మోనియం క్లోరైడ్ కలిపితే అమ్మోనియా 2 పీపీఎం దగ్గరకు వస్తుంది. సీసాలో దొరికే బ్యాక్టీరియా కూడా పోశాను. మొదట ఒక జాతి అమ్మోనియాను నైట్రైట్ చేస్తుంది, తర్వాత ఇంకో జాతి నైట్రైట్‌ను నైట్రేట్ చేస్తుంది. రెండో జాతి బద్ధకం ఎక్కువ. వారాల తరబడి నైట్రైట్ టెస్టు ముదురు ఊదా రంగు దాటి దిగిరాలేదు. ఈ దశలో చాలామంది విసిగిపోయి మందులూ మాకులూ పోస్తారు. ఏమీ చేయకుండా ఉండడమే ఇక్కడ పని.

శివరాత్రికి అమ్మోనియా వేసిన మర్నాటికల్లా రెండూ సున్నాకు వచ్చాయి. నైట్రేట్ పేరుకున్న నీటిలో సగం మార్చాను.

మార్చి

గోధుమరంగు పొర వచ్చింది, పోయింది. కొత్త ట్యాంకులో డయాటమ్స్ అనే ఈ పాచి రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. నత్తలు వేశాను, గాజు మీద దారులు గీసుకుంటూ తినేశాయి.

మొదటి పగడాలు: మష్రూమ్‌లు, జొవాంతస్, ఒక లెదర్. అన్నీ మెత్తవి, గట్టి అస్థిపంజరం కట్టవు, పైన చెప్పిన చట్టం జాబితాలో లేనివి. లైటు నీలం ఎక్కువ, తెలుపు తక్కువ, రోజుకు ఎనిమిది గంటలు. జొవాంతస్ విషయంలో ఒక హెచ్చరిక. వీటిలో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది, ప్రాణం తీసేంత గట్టిది. చేతికి గ్లౌజులు లేకుండా ముట్టుకోకూడదు. అవి అంటుకున్న రాయిని వేడినీళ్లలో మరిగించడం, బ్రష్‌తో రుద్దడం అసలే కూడదు, ఆవిరి పీల్చిన ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సందర్భాలు లోకంలో ఉన్నాయి. పాప చేతులు ట్యాంకులో పెట్టకుండా స్టూలు ఎత్తిపెట్టాను.

కేహెచ్, అంటే నీటి క్షారత, 8 డిగ్రీల దగ్గర ఉంచుతున్నాను. తగ్గితే వంద లీటర్లకు మూడు గ్రాముల తినే సోడా కలిపితే ఒక డిగ్రీ పెరుగుతుంది. దీనికి ఖరీదైన సీసాలు కొనడం దండగ.

ఏప్రిల్, మే: ఎండ

ఆరు వారాల్లో సైక్లింగ్ అయిపోతే ఏడో వారంలో చేప వేయొచ్చని ఎక్కడ చూసినా రాసి ఉంటుంది. ఆ క్యాలెండరు చల్లటి దేశాలది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లో ట్యాంకు ముందు ఆ కార్తె దాటాలి, ఆ తర్వాతే చేప. నాజూకు చేపలు తేవాలనుకున్నప్పుడు మరీను. ఈ రెండు నెలలూ ట్యాంకుకు పరీక్ష, పగడాలు, నత్తలు మాత్రమే లోపల.

పగడానికి కావాల్సింది 25, 26 డిగ్రీలు. 28 ఓర్చుకుంటుంది. 30 దాటి రోజుల తరబడి నిలిస్తే లోపలున్న ఆల్గేను వదిలేసి తెల్లబడుతుంది. 2024 వేసవిలో లక్షద్వీప్ దిబ్బలు తెల్లబడింది ఇలాగే. పైగా వేడెక్కే కొద్దీ నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. ఉప్పునీరు అసలే తక్కువ పట్టి ఉంచుతుంది, 30 డిగ్రీల దగ్గర లీటరుకు 6.2 మిల్లీగ్రాములే.

నీటిని చల్లబరిచే చిల్లర్ మెషిన్ కొనమన్నారు. కొనలేదు. చిల్లర్ ట్యాంకులో వేడి తీసి గదిలోకే ఊదుతుంది, హాల్లో ఏసీ లేదు, ఆ వేడి ఎక్కడికి పోతుంది? కరెంటు పోతే ఇన్వర్టర్ మీద అది నడవదు కూడా. దాని బదులు నీటి ఉపరితలం మీదికి గాలి కొట్టేలా కంప్యూటర్ల 12 వోల్టుల ఫ్యాన్లు రెండు బిగించి, థర్మోస్టాట్ పెట్టాను. లీటరు నీరు ఆవిరైతే వంద లీటర్ల నీటి నుంచి దాదాపు ఆరు డిగ్రీల వేడిని పట్టుకుపోతుంది. మన ఎండాకాలం గాలి పొడిది, ఈ పద్ధతికి అంతకన్నా మంచి ఊరు దొరకదు. కోస్తాలో ఉక్కపోతకు ఇదే ఫ్యాన్ సగం కూడా పనిచేయదు.

ఏప్రిల్ మూడో వారంలో ఒక వింత జరిగింది. బయట 43. హాల్లో కూలర్ దించి నీళ్లు పోశాం. గంటలో గది హాయిగా చల్లబడింది, గోడ మీది మీటరు 36 నుంచి 31కి దిగింది. ట్యాంకు మాత్రం 27 నుంచి మెల్లగా పైకెక్కి రాత్రికి 28.9. గది చల్లబడుతుంటే ట్యాంకు వేడెక్కడమేమిటని మోటారు పట్టుకుని చూశాను, ఫ్యాన్ల రెక్కలు తుడిచాను. తర్వాత తేమ మీటరు చూస్తే 65 శాతం. అప్పుడు అర్థమైంది. కూలర్ చేసేదీ ఆవిరి పనే, గాలికి పట్టేంత తేమ అదే పట్టించేస్తే ట్యాంకు నీరు ఆవిరయ్యేదెక్కడికి? కూలర్‌ను పడకగది కిటికీకి మార్చాం. హాల్లో రెండు కిటికీలూ తీసి ఉంచితే మర్నాడు మనుషులకు ఉడుకు, ట్యాంకుకు 27.1. ఇంట్లో కొన్ని మాటలు పడ్డాను, అవి ఇక్కడ రాయను.

ఆవిరికి రోజుకు మూడు నాలుగు లీటర్లు పోతున్నాయి. పోయేది మంచినీరే, ఉప్పు ట్యాంకులోనే ఉంటుంది. నాలుగు లీటర్లు తగ్గితే 35 ఉన్న ఉప్పు 36.5కు ఎక్కుతుంది. అందుకని తగ్గిన నీటిని సున్నా నీటితోనే, కొంచెం కొంచెంగా నింపాలి. ఫ్లోట్ వాల్వ్‌తో ఆటో టాప్ అప్ పెట్టాను, పక్కన డబ్బా పది లీటర్లదే. ఇరవై లీటర్ల క్యాన్ పెడితే రోజూ నింపే శ్రమ తప్పుతుంది కానీ ఫ్లోట్ ఇరుక్కుంటే ఇరవై లీటర్లూ ఒకేసారి దిగి ఉప్పు 30 లోపుకు పడిపోతుంది. డబ్బా చిన్నదైతే నష్టమూ చిన్నదే.

మే రెండో వారంలో సాయంత్రం గాలిదుమారం, స్తంభాలు పడ్డాయి, కరెంటు తెల్లారేదాకా లేదు. మోటారు, వేవ్ పంపు, ఫ్యాన్లు కలిపి ముప్పై వాట్లు కూడా కావు. లైటు ఆపేసి మిగతావన్నీ ఇన్వర్టర్ మీదే నడిపాం. ఆ రాత్రి సీలింగ్ ఫ్యాన్ ఒక్కటే వేసుకున్నాం.

మూతగా గాజు పెట్టలేదు, పెడితే ఆవిరి ఆగిపోతుంది. కిటికీలకు కొట్టే ఫైబర్ దోమల జాలిని అల్యూమినియం ఫ్రేములో బిగించి పెట్టాను. దూకే చేపను ఆపుతుంది, గాలిని ఆపదు.

దోమల మాట వచ్చింది కాబట్టి: కాయిల్, దోమల లిక్విడ్, బొద్దింకల స్ప్రే, దాదాపు అన్నీ పైరెథ్రాయిడ్ రకం పురుగుమందులే. మనకు పెద్దగా ఏం కాకపోవచ్చు, చేపలకూ రొయ్యలకూ పరమ విషం. ఫ్యాన్లు గదిలో గాలినంతా నీటి మీదికే కొడుతుంటాయి. హాల్లో అవన్నీ బంద్, దోమతెరలే. శుక్రవారం సాంబ్రాణి పూజగదిలో, తలుపు వేసి. వీధిలో మున్సిపాలిటీ ఫాగింగ్ బండి చప్పుడు వినపడితే ముందు కిటికీలు మూసి, తర్వాత ట్యాంకు ఫ్యాన్లు ఆపాలని పాపకు కూడా నేర్పాను.

జూన్

మృగశిర కార్తె రోజు చేప తెచ్చాను. కావాలని పెట్టుకున్న ముహూర్తం కాదు, ఎల్బీనగర్ వైపు దుకాణంలో సరుకు అప్పుడే స్థిరపడింది. ఊరంతా తినడానికి చేపలు కొనే రోజు. ఆర్టీసీ బస్సులో ఒళ్లో థర్మాకోల్ పెట్టె పెట్టుకుని కూర్చుంటే నార్కట్‌పల్లి దాటాక పక్కాయన ఉండబట్టలేక "కొరమీనా అన్నా? కిలో ఎంతకిచ్చిండు?" అన్నాడు. వేలెడంత చేప, రెండూ కలిపినా వంద గ్రాములు తూగవని చెప్పి, ధర మాత్రం చెప్పలేదు.

తెచ్చినవి ఒక ఫైర్‌ఫిష్, ఒక బంగాయ్ కార్డినల్. ఫైర్‌ఫిష్ ముందు సగం పాలతెలుపు, వెనక్కి పోయేకొద్దీ నిప్పు ఎరుపు, వీపు మీద ఒక పొడవాటి ముల్లు. దాన్ని ఎత్తుతూ దించుతూ ఉంటుంది. పిరికిది. తలుపు గట్టిగా వేసినా గుహలోకి మాయం. గుహ అందకపోతే పైకి దూకుతుంది, చాలా ఫైర్‌ఫిష్‌లు పోయేది జబ్బుతో కాదు, నేల మీద ఎండి. బంగాయ్ కార్డినల్ సహజంగా ఉండేది ఇండోనేషియాలో సులవేసి పక్కన బంగాయ్ దీవుల్లోనే, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దాన్ని ప్రమాదంలో ఉన్న జాతిగా గుర్తించింది. మగది గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది కాబట్టి ట్యాంకుల్లో పెంచడం తేలిక. ట్యాంకులో పుట్టిందని రూఢి చేసుకున్నాకే కొన్నాను. ఇష్టమున్నా క్లౌన్ చేపల జంట తీసుకోలేదు, మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సీఎంఎఫ్‌ఆర్‌ఐ వాళ్లు మండపంలో పెంచి చూపించిన చేపే, గట్టిది. గట్టిది కాబట్టే ఫైర్‌ఫిష్‌ను గుహ దాటనివ్వదు.

సంచి విప్పేముందు అడగాల్సింది దుకాణంలో ఉప్పు ఎంతని. పురుగులు రాకుండా చాలాచోట్ల తక్కువ ఉప్పులో ఉంచుతారు. నాకు వచ్చిన సంచి నీరు 27 పీపీటీ ఉంది. తిన్నగా 35లో వేస్తే చేప ఒంట్లో నీరు లాగేస్తుంది. అందుకని క్వారంటైన్ టబ్బునే 27కు కలిపి, వారం పదిరోజుల్లో మెల్లగా 35కు తెచ్చాను. దూరప్రయాణం చేసిన సంచిని విప్పి గంటలకొద్దీ చుక్కలు చుక్కలుగా నీరు ఎక్కించడం కూడా మంచిది కాదు. మూసిన సంచిలో చేప వదిలిన బొగ్గుపులుసు వాయువు వల్ల పీహెచ్ తగ్గి అమ్మోనియా కాటు వేయకుండా ఉంటుంది, విప్పగానే పీహెచ్ ఎక్కి అదే అమ్మోనియా విషమవుతుంది. వేడి సమం చేసి, ఉప్పు సమంగా ఉన్న నీటిలోకి, సంచి నీరు పడకుండా చేపను మాత్రమే మార్చాలి.

టబ్బులో పీవీసీ ఎల్బోలు వేస్తే ఫైర్‌ఫిష్ ఒకదాన్ని సొంతం చేసుకుంది.

జులై

నెల టబ్బులో ఉన్నాక, తెల్లమచ్చలేమీ రాలేదని తేలాక, లైటు ఆపి ఫైర్‌ఫిష్‌ను ముందు వదిలాను. కార్డినల్ తర్వాత. పిరికిదానికి ఇల్లు ముందు దొరకాలి. మొదట్లో గుహ అంచున తల మాత్రమే. రోజూ పొద్దున ఆర్టీమియా అనే ఉప్పునీటి చిన్న రొయ్యల గుడ్లు పొదిగించి పెట్టాను. మన వేడికి ఒక రోజులోనే పిల్లలు వచ్చేస్తాయి, ఈ ఎండ వల్ల ఒరిగిన లాభం ఇదొక్కటే. నీటి వాలులో కొట్టుకొచ్చే మేతే దానికి కావాలి, కిందపడింది ముట్టుకోదు. గుహ ముందు నుంచి ప్రవాహం పోయేలా వేవ్ పంపు తిప్పాక ఒక జానెడు బయటికి వచ్చి, నోటితో టక్కున అందుకుని, మళ్లీ వెనక్కి పోవడం మొదలైంది. ఇప్పుడు ఆర్టీమియాతో కలిపి వేస్తే చిన్న గుళికలు కూడా తింటోంది.

వానలు పడ్డాక ఫ్యాన్ల పని తగ్గింది, తేమ ఎక్కువ. అయితే బయట వేడీ తగ్గింది కాబట్టి 27.5 దాటడం లేదు. ఆవిరి రోజుకు లీటరున్నరకు దిగింది.

ఆగస్టు

పాపకు మాండరిన్ చేప కావాలి. నీలం మీద నారింజ తీగలు గీసిన ఆ చేపను ఫొటోలో చూసిన ఎవరికైనా కావాలనిపిస్తుంది. పొలుసులు ఉండవు, ఒంటి నిండా జిగురు, తెల్లమచ్చ జబ్బు తొందరగా అంటుకోదు. చిక్కంతా తిండి దగ్గర. రోజంతా రాళ్ల మీద కోపిపాడ్ అనే చీమతలంత జీవుల్ని ఒక్కొక్కటిగా ఏరుకు తింటుంది. వంద లీటర్ల ట్యాంకులో ఉన్నవాటిని కొన్ని వారాల్లో ఊడ్చేసి, తర్వాత మన కళ్లముందే చిక్కి చచ్చిపోతుంది. దుకాణాల్లో ఈ మాట చెప్పి అమ్మేవాళ్లు అరుదు, కొనేవాళ్లూ అడగరు. అందం చూసి కొనే చేపల్లో అన్యాయంగా చచ్చేది ఇదే.

వంటింటి అటక మీద సీసాల్లో టిస్బే కోపిపాడ్లను పెంచుతున్నాను, మేత నానోక్లోరోప్సిస్ అనే పచ్చని పాచి. టార్చి వేస్తే గాజు మీద తెల్లని చుక్కలు పాకుతూ కనిపిస్తున్నాయి. ప్రతి ఆదివారం రాత్రి లైటు ఆపాక ఒక గ్లాసు ట్యాంకులోకి. పాపతో కుదిరిన ఒప్పందం: ట్యాంకుకు ఏడాది నిండాలి, రాత్రి టార్చి వేసినప్పుడు రాళ్ల మీద పాడ్లు ఎప్పుడూ కనిపిస్తూ ఉండాలి, దుకాణంలో నా ఎదురుగా ఆ చేప ఫ్రోజన్ మేత తినాలి. మూడూ కుదిరితేనే మాండరిన్. ఇప్పటికి మొదటిదే కుదరలేదు.

ఈ నెల పనులు: రెసిన్ మార్చాలి, మూడొంతుల రంగు పోయింది. లెదర్ పగడం పక్కనున్న జొవాంతస్‌కు నీడ వేస్తోంది, పక్క అరుగుకు జరపాలి. ఫ్యాన్ల మీద పేరుకున్న ఉప్పు తుడవాలి. దసరా లోపు హీటరును బకెట్లో పెట్టి పరీక్షించాలి, డిసెంబరులో తెల్లవారుజామున మన దగ్గర 15 డిగ్రీలకు దిగుతుంది.